షుగర్‌కు హిమాలయన్ రాస్ప్‌బెర్రీ అంట, ఎవరన్న వాడిన్రా?

దేవరకొండ_శీను
నల్లగొండల ఎగ్జిబిషన్ పెడితే అమ్మను తోల్కపోయిన. ఆడ ఒక స్టాల్ల ఎండుపండ్లు అమ్ముతున్నరు, పసుపు రంగుల చిన్నచిన్నయి. "హిమాలయన్ వైల్డ్ రాస్ప్‌బెర్రీ, కొండలల్ల నాటువైద్యులు వాడేది, రోజూ పొద్దుగాల పిడికెడు తింటే మూడు నెలలల్ల గోలీలు బంద్" అన్నడు. పావుకిల 600 చెప్పిండు, అమ్మ బేరం చేసి 450కి తీస్కున్నది. ఆమెకు శాన ఏండ్ల సంది షుగర్, రెండు పూటల గోలీలు ఏస్కుంటది. ఇప్పుడు ఈ పండ్లు మొదలువెట్టి గోలీ ఒక్క పూటకు తెచ్చింది, చెప్తే ఇనదు. అసలు ఈ పండుకు షుగర్ తగ్గించే గుణం ఉన్నదా లేదా? నెట్ల చూస్తే సగంమంది అమృతం అంటున్నరు, ఆ సగంమంది అమ్మెటోళ్లే. తెలిసినోళ్లు చెప్పున్రి.

ఊరికే_చదివెటోడు
600ది 450కి ఇప్పిచ్చిందంటే అమ్మ గట్టిదే. ఇంటికి పొయ్యి ఆ స్టాలోడు బీపీ గోలీ ఏస్కొని ఉంటడు.

మందులషాపు_రజిత
శీను తమ్మీ, పండు ముచ్చట తర్వాత. గోలీ తగ్గించుడు ఇయ్యాల్నే ఆపియ్యి. ఏ గోలీ అది? మెట్‌ఫార్మిన్ ఒక్కటేనా, గ్లిమిపిరైడ్ కలిసిందా? పట్టీ ఎనక చూసి రాయి. గ్లిమిపిరైడ్ ఉంటే గోలీ ఏస్కొని తిండి తప్పినా షుగర్ పడిపోతది, ఇష్టమొచ్చినట్టు మానేస్తే ఎక్కుతది. ఇంట్ల మిషిన్ ఉంటే పరగడుపున ఒకసారి, తిన్నంక రెండు గంటలకు ఒకసారి చూసి కాయితం మీద రాసిపెట్టు.

దేవరకొండ_శీను
రెండూ కలిసిన గోలీనే అక్కా. మిషిన్ ఉన్నది, స్ట్రిప్పులు అయిపోయినయి. రేపు తెస్త.

పహాడీ_అల్లుడు
మాది కల్వకుర్తి, కొలువు ఉత్తరాఖండ్ కొండలల్ల అల్మోడాల, పిల్లనిచ్చినోళ్లదీ ఆడనే. ఆ పండు నాకు బాగ తెలుసు. మా అల్మోడా దిక్కు కుమావూఁ అంటరు, ఆడ దీన్ని హిసాలు అంటరు, నేపాలోళ్లు ఐంసేలు అంటరు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోడ్ల పొంటి, పొలం గట్ల మీద పొదలు పొదలుగ కాస్తది. కొమ్మ నిండ ముండ్లు, వాటి నడుమ ఎర్రటి నూగు. చెయ్యి పెడితే గీర్లు పడకుంట బయటికి రాదు. పిల్లలు ఆకు దొప్పలల్ల పోసి బస్సులు ఆగే కాడ అమ్ముతరు.

ఒక్క ముచ్చట చెప్త. పొద్దుగాల తెంపిన హిసాలు సాయంత్రానికి మెత్తవడి నీరు కారుతది. తెల్లారితే పులిసిన వాసన. అది కొండ దిగి హల్ద్వానీ మార్కెట్ దాకా వచ్చుడే గగనం. జామ్ చేసిన్రంటే నమ్ముత, జ్యూస్ అంటే నమ్ముత. ఎండవెట్టి పావుకిల 450కి నల్లగొండల అమ్ముతున్నరంటే మాత్రం నాకు నమ్మబుద్ధి అయితలేదు.

ఇగ మందు సంగతి. మా అత్తమ్మ పండును మందు అనదు, పండును పండు లెక్కనే తింటది. మందు అంటే వేరు. కడుపునొప్పి లేస్తే, నీళ్ల విరేచనాలు పడితే, జరం వస్తే వేరు దంచి కషాయం పెడుతది. షుగర్‌కు అని ఆమె నోట ఎన్నడు ఇనలే.

ఊరికే_చదివెటోడు
ఇల్లరికం అల్లునికి కషాయాలే గతి అన్నట్టు.

పహాడీ_అల్లుడు
ఇల్లరికం కాదు భయ్, కిరాయి ఇల్లు.

రిటైర్డ్_బాటనీ_సారు
అల్లుడుగారు చెప్పినది సరిగ్గా ఉంది. దాని శాస్త్రీయ నామం రూబస్ ఎలిప్టికస్, గులాబీ కుటుంబం. హిమాలయాల్లోనే కాదు, నీలగిరుల్లో, కొడైకెనాల్ వైపూ కనిపిస్తుంది. ఊటీ వెళ్ళినవాళ్ళు రోడ్డు పక్కన చూసే ఉంటారు. సూపర్‌మార్కెట్లలో ఎర్రగా ఉండే విదేశీ రాస్ప్‌బెర్రీ దీని తోబుట్టువు, రూబస్ ఇడియస్.

వేరు విరేచనాలకు పనిచేయడంలో మాయ ఏమీ లేదు. అందులో టానిన్లు మెండు. నోట్లో వేసుకుంటే నాలుక పట్టేసే వగరు అదే. మన దగ్గర దానిమ్మ తొక్క, తుమ్మ చెక్క వాడేదీ ఆ వగరు కోసమే. నేపాల్, కుమావూఁ వైపు ఈ వేరుతో పాటు చెన్నంగి బెరడు, ఒక రకం దురదగొండి వేరు కలిపి కాచి జ్వరానికి, కడుపు బాధలకు ఇస్తారని మొక్కల వాడకం మీద వచ్చిన పుస్తకాల్లో ఉంది. టిబెట్ వైద్యంలో దీని లోపలి బెరడు మూత్రపిండాలకు బలమని, మూత్రం అదేపనిగా పోవడాన్ని తగ్గిస్తుందని వాడతారు. నాకనిపించేది, "మూత్రం ఎక్కువ పోవడం" అనే మాట పట్టుకుని ఎవరో దాన్ని షుగర్ మందు చేసేశారు.

పండు రసాల మీద పరీక్షలు లేకపోలేదు. అలాక్సాన్ అనే రసాయనం ఇచ్చి షుగర్ తెప్పించిన ఎలుకల్లో పండు నుంచి తీసిన సారం రక్తంలో చక్కెర తగ్గించింది. అక్కడివరకే నిజం.

అచ్చంపేట_అంజి
సారూ, చెన్నంగి మా నల్లమలల కావల్సినంత ఉన్నది. మన్ననూర్ దాటి ఫర్హాబాద్ దిక్కు పోతే రోడ్డు మీదికే ఒరిగి ఉంటయి. అంటే ఆ కషాయంల సగం మందు మన కాడనే ఉన్నట్టు. ఎలుకలకు తగ్గిందంటే గుణం ఉన్నదనే గదా? మరి మనుషులకు తగ్గదని ఎట్లంటరు? చెంచులు తరతరాల సంది చెట్టు మందులతోని బతుకుతున్నరు, వాళ్లకేం ల్యాబ్ ఉన్నది? ఇంగ్లీష్ మందు రాసినోడు చెప్తెనే నిజం, అడివిల ఉన్నోడు చెప్తే ఉత్తదేనా?

మందులషాపు_రజిత
అంజన్నా, చెంచులను ఎవ్వలు ఏమంటలేరు. ఎలుకలకు ఇచ్చేది గట్టిగ తీసిన సారం, అది గూడ బరువు చూసి లెక్కవెట్టి. మనమేమో పిడికెడు పండు తింటున్నం, పిడికెడు పిడికెడుకే తేడా. ఇంకొకటి, అలాక్సాన్ అనేది పాంక్రియాస్ కణాలను చంపుతది. మీ అమ్మకో మా నాయినకో నలభై దాటినంక వచ్చే షుగర్ ఆ తీరుది కాదు, ఇన్సులిన్ ఉండి గూడ పని చెయ్యదు.

మా షాపుకు వచ్చే ఒక పెద్దమనిషి నేరేడు గింజల పొడి, మెంతుల పొడి, కాకరకాయ రసం అన్నీ ఒక్కసారే మొదలువెట్టి గోలీలు గూడ ఏస్కున్నడు. పొలం కాడ చెమటలు పట్టి కండ్లు తిరిగి పడ్డడు. మిషిన్ పెడితే 52. జేబుల బెల్లం ముక్క ఉన్నది గనక బతికిండు. చెట్టు మందు పని చేస్తదంటవా, మరి పనిచేసేటిది గోలీతోని కలిస్తె ఏమైతదో గూడ అడగాలె గద.

అచ్చంపేట_అంజి
అంటే పని చేసినట్టే గదక్కా. 52కు దించింది.

మందులషాపు_రజిత
ఔ, మనిషిని గూడ దించింది.

జామకాయ_లెక్కలు
నేను న్యూట్రిషన్ చదివిన, ఒక హాస్టల్‌కు మెనూ రాస్త. రాస్ప్‌బెర్రీని తిట్టకున్రి, పండుగ అది మంచిదే. ఎర్ర రాస్ప్‌బెర్రీ 100 గ్రాములల్ల 52 క్యాలరీలు, చక్కెర 4.4 గ్రాములే, పీచు 6.5 గ్రాములు. ఇంత తక్కువ చక్కెర, ఇంత ఎక్కువ పీచు ఉన్న పండ్లు తక్కువ. షుగరోళ్లు తాజా పండు తింటే దడ అవసరం లేదు. దాంట్ల ఎల్లాజిటానిన్లు అని ఒక రకం టానిన్లు ఉంటయి, పేగులల్ల బ్యాక్టీరియా వాటిని యూరోలిథిన్లు అనే పదార్థాలుగ మారుస్తది. దీని మీదనే ఇప్పుడు పరిశోధన అంత. అయితె ఆ బ్యాక్టీరియా అందరి కడుపుల ఒక్క తీరుగ ఉండదు. ఇవే టానిన్లు దానిమ్మల గూడ ఉన్నయి.

విటమిన్ సీ కోసమైతే రాస్ప్‌బెర్రీ ఎనక పడుడు దండగ. దాంట్ల 26 మిల్లీగ్రాములు. మన జామకాయల 200 పైన. ఉసిరికాయకు ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) పాత పట్టికల 600 రాసి ఉండె, 2017ల వచ్చిన కొత్త పట్టికల 250 చిల్లర. తగ్గించి చూసినా తూకంల పది వంతుల రాస్ప్‌బెర్రీకి ఒక వంతు ఉసిరి. పీచుల గూడ జామకాయదే పైచెయ్యి. నా పేరు చూసి పక్షపాతం అనుకోకున్రి.

ఊరికే_చదివెటోడు
పేరు చూసినంక అనుకోకుంట ఎట్లుంటం.

వనపర్తి_వదిన
మా చెల్లెకు ఏడో నెల. అమెరికాల ఉన్న మా ఆడబిడ్డ రాస్ప్‌బెర్రీ ఆకుల టీ పొట్లాలు పంపింది, తాగితే కాన్పు సులువైతదట. ఇది కూడా ఇదే చెట్టా? ఇయ్యచ్చా?

రిటైర్డ్_బాటనీ_సారు
అది విదేశీ ఎర్ర రాస్ప్‌బెర్రీ ఆకమ్మా, హిసాలు కాదు. యూరప్‌లో మంత్రసానులు పాతకాలం నుంచి ఇస్తున్నారు. 2001లో ఆస్ట్రేలియాలో 192 మంది తొలిచూలు గర్భిణులతో పరీక్ష జరిగింది. 32వ వారం నుంచి సగంమందికి ఆకు మాత్రలు, సగంమందికి ఉత్త మాత్రలు ఇచ్చారు. నొప్పుల మొదటి దశ ఏమీ తగ్గలేదు. తల్లులకూ పిల్లలకూ హాని కూడా కనిపించలేదు. కానీ అంత చిన్న పరీక్షతో భరోసా ఇవ్వలేం.

మందులషాపు_రజిత
వదినా, చూపించుకునే డాక్టరమ్మకు పొట్లం తీస్కపొయ్యి చూపెట్టు. ఏడో నెలల అయితే ఎవ్వరు చెప్పినా సొంతంగ మొదలువెట్టకు. ఇంకొకటి, వగరు టీలు ఏవైనా సరే, ఐరన్ గోలీ ఏస్కున్న గంట రెండు గంటలల్ల తాగొద్దు. టానిన్లు ఐరన్‌ను పట్టుకొని ఒంటికి అందనియ్యవు. మామూలు చాయ్‌కి గూడ ఇదే లెక్క.

వనపర్తి_వదిన
చాయ్‌తోనే ఐరన్ గోలీ మింగుతది రజితా మా చెల్లె! ఇప్పుడే ఫోన్ చేస్త.

జిమ్_బాలు_మిర్యాలగూడ
రాస్ప్‌బెర్రీ కీటోన్ గోలీలు కొవ్వు కరిగిస్తయని మా జిమ్ముల అమ్ముతున్నరు. అది కూడా దీంట్లకెల్లే తీస్తరా?

జామకాయ_లెక్కలు
పండుకు వాసన ఇచ్చే పదార్థం అది. పండుల ఉండేది కిలోకు కొన్ని మిల్లీగ్రాములే. గోలీలల్ల వేసేది ఫ్యాక్టరీల చేసిందే, పండు మొఖం చూసి ఉండదు. ఎలుకలకు మోతాదులు మోతాదులు పోస్తే బరువు తగ్గినయి. పైసలు ఉంటే గుడ్లు కొనుక్కో.

మర్రిగూడ_మల్లన్న
మా దిక్కు ఫ్లోరైడ్ సంగతి అందరికి ఎరుకే. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నయి గని పాత మోకాళ్లు పాతయే. ఆ స్టాలోడు నాకు గూడ తగిలిండు, "ఈ పండు ఎముకలల్ల ఫ్లోరైడ్ గుంజుతది" అన్నడు. నల్లగొండల అమ్మాల్నంటే ఆ మాట అనాలె గద మరి.

జామకాయ_లెక్కలు
రాస్ప్‌బెర్రీకి ఫ్లోరైడ్‌కు లంకె లేదు కాకా. చింతపండుకు ఉన్నది. హైదరాబాద్ ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్తలు బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూసిన్రు, మూత్రంల ఫ్లోరైడ్ బయటికి పోవుడు పెరిగింది. 2002ల అచ్చయింది. ఎముకకు పట్టింది పూర్తిగ పోతదని కాదు, అది వేరే ముచ్చట. మన పప్పుచారుల చింతపండు మానకున్రి, అంతే.

మర్రిగూడ_మల్లన్న
గ్యాస్‌కు డాక్టర్ చింతపండు బంద్ చెయ్యమన్నడు బిడ్డా. ఎవ్వల మాట ఇనాలె?

జామకాయ_లెక్కలు
నిన్ను చూసిన డాక్టర్ మాట.

పహాడీ_అల్లుడు
శీనన్నా, ఒక పని చెయ్యి. ఆ ఎండుపండ్లు నాలుగు తీసి గోరువెచ్చని నీళ్లల్ల ఒక గంట నానవెట్టు. ఉబ్బినంక ఒకదాన్ని నిలువుగ చీరి లోపల ఏమున్నదో చూడు. హిసాలు గాని, ఏ రాస్ప్‌బెర్రీ గాని చెట్టు మీదికెల్లి తెంపితే నడుమ గుజ్జు కడ్డీ కొమ్మకే ఉండిపోతది, పండు లోపల బోలు, దర్జీ వేలికి పెట్టుకునే టోపీ తీరుగ. పిల్లలు వేళ్లకు తొడుక్కొని ఒక్కొక్కటి తింటరు.

రిటైర్డ్_బాటనీ_సారు
మంచి పరీక్ష. తొడిమ కూడా చూడండి. తొడిమ పండుకే అంటుకుని, లోపలికి ఈనెలా పోయి ఉంటే అది రూబస్ జాతి కాదు.

దేవరకొండ_శీను
నానవెట్టి చూసిన. లోపల బోలు లేదు. ప్రతి పండుకు చిన్న తొడిమ ఉన్నది, పచ్చగ ఉండి ఎండినట్టు, అది పండు నడుమల నుంచి కొస దాకా పొయ్యింది. పట్టి గుంజితే పండంత దాని ఎంబడే వస్తున్నది. పండు పొడుగ్గ పురుగు ఆకారంల ఉన్నది. నోట్లె ఏస్కుంటే తేనె తీరుగ తియ్యగ ఉన్నది, వగరు గాని పులుపు గాని లేదు. ఫోటో పెట్టిన.

రిటైర్డ్_బాటనీ_సారు
మల్బరీ. తెల్ల మల్బరీ. సందేహమే లేదు.

పహాడీ_అల్లుడు
షాతూత్! కాశ్మీర్‌ల, అఫ్ఘానిస్తాన్‌ల తెల్ల షాతూత్ ఎండవెట్టి ద్రాక్ష లెక్క తింటరు. పసుపు రంగు గనక పసుపు రాస్ప్‌బెర్రీ అని పేరు మార్చిండు.

ఊరికే_చదివెటోడు
పట్టుపురుగులు తినే చెట్టు పండు తినిపిచ్చిండు. అమ్మ రేపు గూడు కడుతది చూడు శీనన్నా.

జామకాయ_లెక్కలు
నవ్వుడు కాదు ఇది. పచ్చి మల్బరీల 100 గ్రాములకు 88 దాకా నీళ్లే, చక్కెర 8 గ్రాములు. ఎండవెట్టి ఆ నీళ్లు తీసేస్తే మిగిలినదాంట్ల సగానికి పైన చక్కెరే ఉంటది. పిడికెడు ఎండు మల్బరీ అంటే పొద్దుగాల్నే పరగడుపున ఇంత చక్కెర మింగినట్టు. పైకెల్లి గోలీ తగ్గించిన్రు.

అచ్చంపేట_అంజి
మల్బరీ షుగర్‌కు మంచిదని నేనే చదివిన మరి.

రిటైర్డ్_బాటనీ_సారు
చదివింది ఆకు గురించి అయి ఉంటుంది అంజి గారూ. మల్బరీ ఆకులో డీఎన్‌జే అనే పదార్థం ఉంది. పిండి పదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది, దాంతో తిన్న తర్వాత షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది. జపాన్, చైనాల్లో మల్బరీ ఆకు టీ తాగేది అందుకే. ఎండు పండు తిని ఆ ఫలితం ఆశిస్తే ఎలా? హిసాలు విషయంలోనూ అంతే కదా, వేరు, బెరడు గుణం తెచ్చి పండుకు అంటగట్టారు. చెట్టులో ఏ భాగం అనేది నాటువైద్యుడు మొట్టమొదట చెప్పే మాట. అమ్మేవాడు మొట్టమొదట వదిలేసేదీ అదే.

అచ్చంపేట_అంజి
ఈ మాట ఒప్పుకుంట సారు. మా కాడ గూడ వేరు తవ్వాల్నంటే ఏ దిక్కు వేరు, ఏ కాలంల అని చూసే తవ్వుతరు, పండు పొట్లం కట్టి ఇయ్యరు. గని చెట్టు మందుల మీద మీకు చిన్నచూపు ఉన్నదన్న మాట మాత్రం నేను ఎనక్కి తీస్కోను.

దేవరకొండ_శీను
స్ట్రిప్పులు తెచ్చి చూసిన. పరగడుపున 188, తిన్నంక 291. అమ్మకు మిషిన్ మీద అంకె చూపెట్టంగనే గోలీ డబ్బ తానే అడిగి తీస్కున్నది. రెండు పూటలు ఏస్తున్నది. రేపు డాక్టర్ కాడికి పోతున్నం. పండ్లు పిల్లలకు పెట్టచ్చా?

మందులషాపు_రజిత
పిల్లలకు పెట్టచ్చు, ద్రాక్షలు పెట్టినట్టే నాలుగు నాలుగు. కడిగి పెట్టు, లూజుగ అమ్మినయి. డాక్టర్‌కు అమ్మ గోలీ తగ్గించిన సంగతి దాచకున్రి, లేకుంటే ఉన్న మందు పని చేస్తలేదనుకొని డోస్ పెంచుతడు. హెచ్‌బీఏ1సీ అనే రక్త పరీక్ష చేయిస్తే మూడు నెలల షుగర్ లెక్క తేలుతది.

ఇంకొక మాట, అల్లుడు చెప్పిన వేరు కషాయం చదివి ఎవ్వరన్న చిన్నపిల్లల విరేచనాలకు వెతకవోతరేమో. పసిపిల్లలకు ముందుగాల ఓఆర్‌ఎస్, జింక్. జింక్ 10 నుంచి 14 రోజులు, విరేచనాలు ఆగినా ఆపొద్దు. మూత్రం తగ్గినా, కండ్లు లోపలికి పోయినా దవాఖానకు ఉరకాలె.

పాలమూరు_పోరడు
ఇంత చదివినంక ఒరిజినల్ హిసాలు తినాలనిపిస్తున్నది. మొక్క తెప్పిస్తే మన బావి కాడ బతుకుతదా?

రిటైర్డ్_బాటనీ_సారు
చల్లని కొండ వాతావరణం మొక్క అది, పాలమూరు ఎండకు నిలవదు. నిలిచే చోట మాత్రం పట్టలేం. ప్రపంచంలో అతి మొండిగా పాకే 100 పరాయి జాతుల జాబితాలో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ దాన్ని పెట్టింది. హవాయిలో అడవులను కమ్మేసింది.

పాలమూరు_పోరడు
వామ్మో, మనకు సర్కారు తుమ్మ చాలు. మరి మన దిక్కు ముండ్ల పొదల పండ్లు ఏమున్నయి తిననీకి? చిన్నప్పుడు పరికి పండ్లు తింటుంటిమి, ఇప్పుడు కండ్లవడతలేవు.

అచ్చంపేట_అంజి
చలికాలంల పరికి, రేగు. ఎండకాలంల తునికి, మొర్రి. వానలు పడే ముంగట కలేపండ్లు. అచ్చంపేట అంగడిల గంపలు పెట్టి అమ్ముతరు, పొద్దుగాల పోవాలె. కలేపండ్లు పాలు కారుతుంటే తినకు, నోరు జిగట పడుతది. నల్లగ మాగినయే తీస్కో.

పాలమూరు_పోరడు
రేటెంత ఉంటది?

అచ్చంపేట_అంజి
శీనన్న వాళ్ల అమ్మను తోల్కరా, సగానికి ఇస్తరు.